పిన్ని నోటి దురుసు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈ సామెత కట్టినవాళ్ళెవరో గానీ, పిన్ని ఉండే ఊరికి మాత్రం వచ్చి ఉండరు. వచ్చి ఉంటే తిరిగి వెళ్ళి దాన్ని నలుగురికీ చెప్పే వీలు దొరికేది కాదు. ఆ ఊళ్ళోకెల్లా మంచి నోరు పిన్నిది. ఊళ్ళో సగం మంది ఆ నోటి చలవ వల్లే అక్కడున్నారు.

బస్సు ఆగేచోటికి ఎదురుగా, కింద భోజనాల హాలూ పైన అద్దెగదులూ ఉన్న మేడ ఆమెది. చిన్నా పెద్దా అందరికీ ఆమె పిన్నే. ఆమె కంటే బాగా పెద్దవాడు, తల నెరిసిన మందుల షాపాయన కూడా పిన్నీ అనే పిలిచేవాడు. ఆమె మొగుడు ఓసారి జనంలో నోరు జారి, "పిన్నీ, కత్తెర ఎక్కడ పెట్టావ్?" అనేసి చాలాకాలం నవ్వులపాలయ్యాడు. ఆయన దర్జీ. హోటలు వసారాలో ఒక మూల కుట్టుమిషను వేసుకొని, వచ్చేపోయేవాళ్ళని కళ్ళతోనే కొలుస్తూ కూర్చునేవాడు.

వచ్చినవాళ్ళని పిన్ని కడుపులో పెట్టుకొని చూసుకునేది. అందులో నటన లేదు, ఆ మాట ముందే చెప్పాలి. వేణ్ణీళ్ళు అడక్కముందే గది ముందుకొచ్చేవి. మెడనొప్పి మనిషికి పలుచటి దిండు, దగ్గే మనిషికి ఎత్తు దిండు. ఎవరైనా వడ్డన మధ్యలో చాలంటే, "చాలు అనేది నువ్వా, నీ కడుపా?" అని ఇంకో గరిటె వేసేది. అదంతా నిజం ప్రేమే. చిక్కంతా వెళ్ళేటప్పుడు వచ్చేది. సంచీ భుజాన వేసుకొని, "వెళ్తామండీ" అంటారు వాళ్ళు. పిన్ని చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, "వెళ్తాం అనకూడదు నాన్నా. వెళ్ళొస్తాం అనాలి" అనేది.

ఏ ఇంట్లో అనరు ఆ మాట? వాళ్ళకి తమ అమ్మో నాయనమ్మో గుర్తొచ్చేది. నవ్వి, "వెళ్ళొస్తాం పిన్నీ" అనేవాళ్ళు. "మంచిది, వెళ్ళి రండి" అనేది పిన్ని.

వచ్చేవాళ్ళు. ఆ ఊళ్ళో మాటంటే మాటే. ఇళ్ళన్నీ నిండుగా ఉన్న రోజుల్లో ఆ మాటకి విలువుండేది కాదు, అన్నవాళ్ళు అన్నట్టే వెళ్ళిపోయేవాళ్ళు. ఏదైనా ఇల్లు ఖాళీ పడిందా, అప్పుడు మాత్రం అన్నవాళ్ళు రెండు మూడు రోజుల్లో తిరిగొచ్చేవాళ్ళు. ఊరి బయట రోడ్డుకో మలుపుంది. ఆ మలుపు దాటగానే, ఎక్కణ్ణించి వచ్చారో, వెనక ఎవరున్నారో వాళ్ళ మనసులోంచి జారిపోయేది. మందుల షాపాయన ఎదురెళ్ళి ఖాళీ ఇంటి తాళంచెవి చేతిలో పెట్టేవాడు. పదిరోజులు తిరిగేసరికి వాళ్ళు ఏ కూరగాయల కొట్లోనో కూర్చుని, పుట్టి బుద్ధెరిగి అక్కడే ఉన్నట్టు ఎండల గురించి మాట్లాడేవాళ్ళు. ఒక్కరు ఏడ్చిన పాపాన పోలేదు. గుర్తులేని దానికి ఏడ్చేదెవరు? పిన్ని తనకు తాను చెప్పుకునే సమాధానం అదే. ఆ సమాధానం మీద హాయిగా నిద్రపోయేది కూడా.

ఊరు మనుషుల్నెందుకు అలా లాక్కుంటుందంటే, అక్కడ ఖాళీ ఇల్లు ఊరుకోదు. పక్కింట్లోంచి మనిషిని పిలుస్తుంది. ఒకప్పుడు రొట్టెల దుకాణం పక్కన ఓ ఇల్లు చాన్నాళ్ళు ఖాళీగా పడి ఉంది. దాని తలుపు గాలికి టపటపా కొట్టుకుంటుంటే, మూసొస్తానని రొట్టెలాయన భార్య పిండి చేతులతోనే వెళ్ళింది. తలుపు కొట్టుకోవడం ఆగింది. వెతకబోయినవాళ్ళకి లోపల గచ్చు మీద పిండి చేతుల గుర్తులు కనిపించాయి, మనిషి కనిపించలేదు. ఆ రోజు నుంచి ఇల్లు ఖాళీ అయితే ఊరంతా పిన్ని మొహం చూసేది.

ఈసారి ఖాళీ అయింది పిన్ని పక్కిల్లే. గడియారాలు బాగుచేసే ముసలాయన పోయాడు. హోటలుకీ ఆ ఇంటికీ మధ్య గోడ ఒకటే. ఆ గోడకి ఇవతల వైపే దర్జీ మిషను.

ఓ మధ్యాహ్నం పిన్ని హాల్లో బల్లలు తుడుస్తుంటే మిషను చప్పుడు ఆగింది. కాసేపు చూసింది. మళ్ళీ మొదలవలేదు. వసారాలోకి వస్తే కుర్చీ ఖాళీ. పక్కింటి తలుపు ఓరగా తీసి ఉంది. పరుగున వెళ్ళి చూస్తే, ఆయన ముందుగదిలో మెళ్ళో టేపు వేసుకొని గోడకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు.

"ఏం చేస్తున్నావ్ ఇక్కడ?"

"కొలతలు తీసుకుందామని వచ్చా."

"ఎవరివి?"

"ఇంట్లోవాళ్ళవి" అన్నాడాయన, అందులో అడగడానికేముందన్నట్టు. ఆమె రెక్క పట్టుకొని బయటికి లాక్కొచ్చింది. వసారాలోకి వచ్చాక ఆయనకి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఆ సాయంత్రం మందుల షాపాయన వచ్చి టీ తాగి, గ్లాసు బల్ల మీద మెల్లిగా పెట్టి, "ఎవరో ఒకర్ని చూడు పిన్నీ. నీ కోసమే చెబుతున్నా" అనేసి వెళ్ళాడు.

మర్నాడే చూడక్కర్లేకుండా వచ్చారు. కళ్ళజోళ్ళు అమ్మే మనిషి, అతని భార్య, నాలుగైదేళ్ళ పాప. దుకాణాలకి కళ్ళజోళ్ళ ఫ్రేములు వేసే చిన్న వ్యానులో భార్య పుట్టింటికి వెళ్తూ, మలుపు దగ్గర బండి ఆగిపోతే తోసుకుంటూ వచ్చారు. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, కావలసిన సామాను రేపటి బస్సులో గానీ రాదన్నాడు. అతని అబద్ధం అతనిది.

అలాంటి మెత్తటి మనిషిని పిన్ని అంతవరకూ చూడలేదు. కళ్ళజోళ్ళాయన మెట్లెక్కుతూ మెట్టుకి కాలు తగిలితే మెట్టుకే సారీ చెప్పే రకం. పాప వచ్చీరాగానే దర్జీ దగ్గర చేరి కింద పడ్డ గుడ్డముక్కలన్నీ ఏరి ఒళ్ళో పోసుకుంది. ఆయన మిషను తొక్కుతూ దాని వంక చూడకుండా ఉండాలని చూశాడు, కుదరలేదు. అందరికీ అన్నం పెడుతూ పిన్ని అప్పుడే లెక్క వేసేసుకుంది. పక్కిల్లు ముగ్గురికి సరిపోతుంది. ముందుగదిలో కొట్టు పెట్టుకోవచ్చు.

ఆ లెక్క చెడిపోయింది దుప్పట్ల దగ్గర. మధ్యాహ్నం పిన్ని మేడ మీద ఆరిన దుప్పట్లు మడత పెడుతుంటే కళ్ళజోళ్ళాయన భార్య అడక్కుండానే రెండో కొస అందుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా వచ్చి కొసలు కలుపుకుంటున్నారు, మళ్ళీ వెనక్కి నడుస్తున్నారు. ఆడవాళ్ళు అలాంటప్పుడు ఊరికే ఉండలేరు కదా. ఆ అమ్మాయి తన పుట్టింటి గురించి చెప్పింది. వాళ్ళమ్మ గొంతు పెద్దదట, వీధి చివర్నించి పిలిచినా వినిపిస్తుందట. చెప్పి, మామూలుగా అడిగింది.

"మీ పుట్టిల్లెక్కడ పిన్నీ?"

పిన్ని నోరు తెరిచింది.

ఊరి పేరు రాలేదు సరే. ఇల్లు కూడా గుర్తు రాలేదు. అమ్మ మొహం కోసం వెతుక్కుంది. ఒక చీర కుచ్చిళ్ళు, ఒక తడి చెయ్యి, అంతవరకూ వచ్చి ఆగిపోయింది. తనూ మొగుడూ ఎప్పుడో బయటినుంచి వచ్చినవాళ్ళేనని ఆమెకి తెలుసు. అది ఊళ్ళో అందరికీ తెలిసినంతే, వానాకాలంలో వాన పడుతుందని తెలిసినట్టు. ఇలా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఎప్పుడూ తెలియలేదు. పుట్టిల్లు మర్చిపోయే ఆడది ఎక్కడైనా ఉంటుందా? ఏ గుమ్మంలోనో ఒకావిడ తన కోసం చూసి చూసి పోయి ఉంటుంది. తను ఏడవలేదు, ఎందుకంటే తనకి తెలియలేదు. ఆవిడకి తెలుసు కదా. ఇన్నేళ్ళు తను వెళ్ళొస్తాం అనిపించినవాళ్ళందరికీ వెనక అలాంటివాళ్ళున్నారు కదా. గుర్తులేనివాళ్ళు ఏడవరని చెప్పుకుంది గానీ, గుర్తున్నవాళ్ళ సంగతి ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆలోచించలేదా, ఆలోచించదలచుకోలేదా అన్నది ఆమెకే తెలియాలి.

"దూరమా పిన్నీ?" అంది ఆ అమ్మాయి.

"దూరమే" అంది పిన్ని. ఆ దుప్పటి మడత సరిగ్గా కుదరలేదు.

కిందికొచ్చి మొగుడి పక్కన పీట వేసుకొని కూర్చుంది. వాళ్ళని పంపించేస్తానంది. ఆయన సూదిలో దారం ఎక్కించుకున్నాడు. పంపిస్తే పక్కింటికి వెళ్ళవలసింది తనేనని ఆయనకి తెలియంది కాదు.

"నాకొక్కటే దిగులు" అన్నాడు చివరికి. "అక్కడ నీ వంట ఉండదు." నవ్వబోయాడు. ఆమె ఆయన మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన సూది గుచ్చుకోకుండా చెయ్యి పైకి ఎత్తి పట్టుకొని అలాగే కూర్చున్నాడు.

జరిగేది జరిగినట్టు వాళ్ళకి చెప్పేస్తే పోదా అనిపించవచ్చు. పిన్నికి ఆ అనుభవమూ ఉంది. ఎప్పుడో ఒక కుర్రాడు, మంచి మాటకారి, గదిలో దిగాడు. వాడి మీద జాలేసి ఉన్నది ఉన్నట్టు చెప్పి, వెళ్ళొస్తానని మాత్రం అనకురా అని బతిమాలింది. వాడు పడీపడీ నవ్వాడు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయట పెట్టి, ఆమెని ఏడిపించడానికి, "వెళ్ళొస్తా పిన్నీ, వెళ్ళొస్తా, వెళ్ళొస్తా" అని వీధి మలుపు దాకా అరుచుకుంటూ పోయాడు. ఇప్పుడు ఊళ్ళో బండ్లు బాగుచేసేది వాడే.

కాబట్టి వీళ్ళు కోపంతో వెళ్ళాలి. మళ్ళీ నీ మొహం చూడం అని వెళ్ళాలి. పిన్ని జీవితంలో మొదటిసారి మర్యాద తప్పాలనుకుంది. అది అనుకున్నంత తేలిక కాదు.

చల్లారిన టీ తెచ్చి బల్ల మీద ఠప్పున పెట్టింది. కళ్ళజోళ్ళాయన తాగి, "నాకు చల్లటిదే ఇష్టం పిన్నిగారూ. వేడిది నాలిక కాలుస్తుంది" అన్నాడు. కూరలో దోసెడు ఉప్పు పోసింది. ఆ అమ్మాయి ఒక ముద్ద తిని, లేచి వచ్చి పిన్ని నుదుటి మీద చెయ్యి వేసి, "ఒంట్లో బాగాలేదా? మీరు కూర్చోండి, రేపటి వంట నేను చేస్తాను" అంది. మీ పిల్ల గోల భరించలేకపోతున్నానంటే, ఆ పిల్ల వచ్చి చేతులు కట్టుకొని, "ఇంక అరవను అమ్మమ్మా" అంది. పొమ్మనలేక పొగబెట్టినట్టు అంటారు కదా, సామెతని సామెతగా వాడి లాభం లేదని పిన్ని నిజంగానే పొగబెట్టింది. పొయ్యిలో తడి కట్టెలు కుక్కి పైగది వైపు కిటికీ తెరిచింది. కళ్ళజోళ్ళాయన కళ్ళు తుడుచుకుంటూ దిగొచ్చి, చొక్కా చేతులు మడిచి పొగగొట్టం ఊడదీసి శుభ్రంగా మసి దులిపి బిగించిపోయాడు. ఇంతకాలం అది సగం మూసుకుపోయే ఉందట. పొయ్యి ఎన్నడూ అంత బాగా మండలేదు. మంచివాళ్ళని తరిమెయ్యడం ఎంత కష్టమో పిన్నికి అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దెక్కాక మెకానిక్ వ్యాను తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే పని ఉన్నట్టు వచ్చి చేరారు. మందుల షాపాయన, రొట్టెలాయన, ఇంకా కొందరు. వీడ్కోలు చెప్పడమంటే ఆ ఊరికి మహా ఇష్టం. దర్జీ మిషను దగ్గరే తల వంచుకొని కూర్చున్నాడు. ఆ అమ్మాయి సంచీతో మెట్లు దిగి, నవ్వుతూ పిన్ని చేతులు పట్టుకోబోయింది. ఆ పెదాలు ఏ మాటకి విచ్చుకుంటున్నాయో పిన్నికి తెలుసు.

"ఆగు" అంది పిన్ని. "ఆ సంచీ విప్పు."

"ఏంటి పిన్నీ?"

"దుప్పటి కనపడటం లేదు. నిన్న నాతో చెయ్యి వేసి మడత పెట్టినప్పుడే అనుకున్నా, ఇదేదో కన్నేసిందని."

ఆ అమ్మాయికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఈలోగా పిన్ని సంచీ లాక్కొని రోడ్డు మీద తల్లకిందులుగా దులిపేసింది. పాప గౌన్లు పడ్డాయి. దువ్వెన పడింది. పదిమందీ చూడకూడని లోపలి బట్టలు పడ్డాయి. దుప్పటి లేదు. ఉండదని పిన్నికి తెలుసు. అయినా నోరు ఆపలేదు. "ఏ మూల దాచావో. నీ చేతివాటం నీ మొహంలోనే కనపడుతోంది. నిన్ను కన్నది నేర్పిన విద్య కాబోలు" అంది. తల్లి మాట ఎత్తితే గానీ ఆ మెత్తటిదానికి తగలదని ఆమెకి తెలుసు. ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని బట్టలు ఏరుకుంటోంది. పాప కూడా తన గౌను తనే దులుపుకొని అమ్మకి అందించింది. లేచాక ఆ అమ్మాయి పిన్ని కళ్ళలోకి చూసింది.

"జన్మలో నీ ఊరు తొక్కను. నా కూతుర్నీ తొక్కనివ్వను."

పిన్నికి పట్టరాని సంతోషమైంది. ఆ అమ్మాయి పాపని ఎత్తుకొని వ్యానెక్కి తలుపు వేసుకుంది. బయటపడ్డారు, ఇద్దరూ బయటపడ్డారు. ఇంక అతను ఎక్కి కూర్చుని బండి కదిలిస్తే చాలు.

కళ్ళజోళ్ళాయన కదల్లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. జోడు లేకపోతే అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది.

"నన్నేమన్నా పడతాను" అన్నాడు. "నా భార్యని పట్టుకొని, నడివీధిలో, ఆ మాట అంటావా? వీళ్ళని దింపి, రేపు బస్సులో మళ్ళీ వస్తాను. ఇదే చోట, వీళ్ళందరి ముందూ, నువ్వు తప్పు ఒప్పుకునేదాకా ఇక్కణ్ణించి కదలను."

ఊళ్ళోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వద్దు బాబూ" అంది పిన్ని. "రానని చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా, రానని ఒక్కమాట చెప్పు." అతను ఎక్కి బండి కదిలిస్తే, వ్యాను వెనక కొంతదూరం పరిగెత్తింది. అతను అద్దంలో చూసి ఉంటాడు. భయపడిందనుకొని ఉంటాడు. ఆపలేదు.

ఆమె వగరుస్తూ తిరిగొచ్చేసరికి మందుల షాపాయన గుమ్మంలో కుర్చీ వేసి పెట్టాడు. "నీ తెలివికి దణ్ణం పిన్నీ" అన్నాడు మెచ్చుకోలుగా. "ఇన్నాళ్ళూ బుజ్జగించి అనిపించాం. తిట్టి కూడా అనిపించొచ్చని మాకు తోచనే లేదు." ఆమె కుర్చీలో కూర్చుంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని అనుకోబోయింది. కానీ ఆ సామెత వెనకాల ఇంకో సంగతి ఉందని ఆమె మనసుకి తెలుస్తూనే ఉంది. అతను మళ్ళీ వస్తాననగానే, గుండె పగలకముందు ఒక్క క్షణం, కొండంత బరువు దిగినట్టయింది. మొగుడు దక్కాడని. ఆ క్షణం గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా దర్జీ ఆ రోజు అన్నం తినలేదు.

మర్నాడు బస్సు వేళకి ముందే పిన్ని మలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. అంతకంటే ముందుకి ఆ ఊరివాళ్ళ కాళ్ళు పోవు. మలుపు తిరగకముందే బస్సు ఆపి, అతన్ని దింపి, అక్కడికక్కడే కాళ్ళ మీద పడి తప్పు ఒప్పుకోవాలని ఆమె ఆలోచన. బస్సు కనపడగానే చేతులు ఊపింది. డ్రైవరు హారన్ కొట్టాడు గానీ ఆపలేదు. కిటికీ పక్కన కళ్ళజోళ్ళాయన కనిపించాడు. కనుబొమలు ముడిపడి, పెదాలు బిగించి, అనవలసిన మాటలు లోపల కూర్చుకుంటున్నాడు. బస్సు మలుపు తిరిగింది. ఇస్త్రీ పెట్టె నడిచినట్టు ఆ మొహం మీది ముడతలన్నీ సాఫైపోయాయి.

ఆమె హోటలుకి చేరేసరికి అతను వసారాలో నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"నమస్కారమండీ. ఇక్కడ ఉండటానికి చోటేమైనా దొరుకుతుందా?"

"దొరుకుతుంది, దొరుకుతుంది" అంటూ మందుల షాపాయన తాళంచెవి తీశాడు.

పిన్ని ఊరుకోలేదు. ఊరంతా చూస్తుండగా నడివీధిలో నిలబడి, "తప్పు నాది. నీ భార్య దుప్పటి దొంగతనం చెయ్యలేదు. నేను అబద్ధమాడాను" అని అరిచింది. తప్పు ఒప్పుకునేదాకా కదలనన్నాడు. ఆ ఊళ్ళో మాటంటే మాటే అయితే, ఒప్పుకున్నాక కదలాలి కదా. అతను ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "ఎవరి గురించండీ? నాకు పెళ్ళి కాలేదే" అన్నాడు. తరవాత ఆమె మొహం చూసి జాలి కలిగి, "పోనీలెండి, దుప్పటే కదా. ఎక్కడో ఉంటుంది, వెతుకుదాం" అన్నాడు. తప్పు ఒప్పుకుంటే వినవలసిన మనిషి మలుపు అవతలే ఆగిపోయాడు.

ఇప్పుడు పక్కింటి ముందుగదిలో కళ్ళజోళ్ళ కొట్టుంది. దర్జీ మిషను చప్పుడు మళ్ళీ ఆగలేదు. గోడ అవతల్నించి కళ్ళజోళ్ళాయన ఏదైనా అంటే ఇవతల్నించి దర్జీ జవాబిస్తాడు, కానీ ఒకసారి కూడా ఆ గదిలోకి వెళ్ళి కూర్చోలేదు. పిన్ని రోజూ సాయంత్రం హాల్లో అతనికి టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని అంతా చెబుతుంది. ఒక పాప ఉండేదని, గుడ్డముక్కలు ఏరుకునేదని. అతను శ్రద్ధగా వింటాడు. ఓ రోజు కళ్ళు చెమర్చి, "అంత చిన్నపిల్లని వదిలేసి ఎక్కడో కూర్చున్నాడంటే, ఆ నాన్న మనిషేనా పిన్నీ?" అన్నాడు. అతని తప్పు లేదు, నాదే అంది పిన్ని. మీ నోటి నుంచి ఒకర్ని బాధపెట్టే మాట వస్తుందంటే నేను నమ్మను అన్నాడతను.

ఆమె గదులు అద్దెకివ్వడం మానేసింది. వెళ్ళేవాళ్ళకి ఎదురురాదు. ఊరికి అది నచ్చలేదు గానీ, ప్రస్తుతానికి ఇళ్ళన్నీ నిండుగా ఉన్నాయి.

మొన్న ఓ మధ్యాహ్నం పిన్నీ అతనూ వసారాలో నిలబడి ఉన్నారు. దూరంగా మలుపు దగ్గర ఓ చిన్న వ్యాను వచ్చి ఆగింది. ఒకామె దిగింది, చెయ్యి పట్టుకొని ఓ పిల్ల దిగింది. ఆమె ఊరివైపు అడుగు వెయ్యబోయింది. పాదం లేచింది గానీ ముందుకి పడలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. జన్మలో తొక్కనంది కదా ఆ అమ్మాయి, నా కూతుర్నీ తొక్కనివ్వనంది. ఆ మాట అనిపించింది పిన్నే. ఆ అమ్మాయి అక్కడే నిలబడి రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకొని పిలవడం మొదలుపెట్టింది. పక్కన పిల్ల కూడా పిలుస్తోంది. అంత దూరం నుంచి గొంతులు వినిపిస్తున్నాయి గానీ మాటలు తెలియడం లేదు.

కళ్ళజోళ్ళాయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చూశాడు. "ఎవరో పాపం, ఎవర్నో పిలుస్తున్నారు."

"నిన్నే బాబూ" అంది పిన్ని. "నిన్నే పిలుస్తున్నారు. ఒక్కసారి పలుకు."

అతను ఆమె భుజం తట్టి నవ్వాడు.

"నన్నెవరు పిలుస్తారు పిన్నీ? నాకు మీరు తప్ప ఎవరున్నారు?"